గూటికి కాపలా పెద్దబాతు
(పిల్లలు సొంతంగా గానీ, అమ్మానాన్నల పక్కన కూర్చుని గానీ చదువుకోవలసిన పాఠం)

పిల్లలూ! ఈ పాఠం మీరు అడిగిన ప్రశ్న నుంచే పుట్టింది. మన తరగతిలో నలుగురైదుగురి ఇళ్ళలో పెరటి కోళ్ళు ఉన్నాయి. "జంతువులు, పక్షులు" పాఠం చెప్పుకుంటున్నప్పుడు మీలో ఒకరు, "అంకుల్, మా ఆరు కోళ్ళలో రెండింటిని డేగ ఎత్తుకుపోయింది. గూస్‌ని పెంచితే మళ్ళీ రాదని ఎవరో చెప్పారు. నిజమేనా?" అని అడిగారు. ఇంకొకరు వెంటనే, "గూస్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నారు. రెండూ మంచి ప్రశ్నలే. ముందు రెండో ప్రశ్న సంగతి చూసి, తరువాత మొదటి దానికి వద్దాం.

1. పేరు సంగతి

డక్ అంటే బాతు. గూస్ అంటే పెద్దబాతు. స్వాన్‌ని మనం హంస అంటున్నాం. కానీ హంస అన్న మాటకు ఒక చరిత్ర ఉంది. అది సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చింది. సంస్కృతంలోని హంస, లాటిన్‌లోని ఆన్సెర్, జర్మన్‌లోని గాన్స్, ఇంగ్లీషులోని గూస్ అన్నీ ఒకే పాత మూలం నుంచి పుట్టిన మాటలని భాషా శాస్త్రజ్ఞులు చెబుతారు. మన పాత కావ్యాల్లోని హంస నిజానికి పెద్దబాతే అయి ఉండవచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చి చలికాలం దక్షిణ భారతదేశపు చెరువుల్లో గడిపే పెద్దబాతులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి తల వెనుక రెండు నల్లని పట్టీలు ఉంటాయి. కాబట్టి ఈసారి పార్కులో గూస్ కనిపిస్తే, "హంసకు చుట్టం" అని మీ స్నేహితులకు చెప్పవచ్చు!

2. కాపలా అంటే మూడు పనులు

ఇక అసలు ప్రశ్న. పెద్దబాతు కోళ్ళను కాపాడుతుందా? జవాబు చెప్పే ముందు కాపలా అంటే ఏమిటో చూద్దాం. నేను కంప్యూటర్ల పని చేసేవాణ్ణి కాబట్టి దీన్ని మూడు ముక్కలు చేసి చెబుతాను.

ఒకటి, కనిపెట్టడం: శత్రువు వస్తోందని ముందుగా తెలుసుకోవడం.
రెండు, హెచ్చరించడం: ఆ సంగతి అందరికీ వినబడేలా చెప్పడం.
మూడు, అడ్డుకోవడం: శత్రువును లోపలికి రానీయకపోవడం.

మొదటి రెండు పనుల్లో పెద్దబాతుకు వంద మార్కులు వేయవచ్చు. మూడో పనిలో మాత్రం పాస్ మార్కులు కూడా కష్టమే. మొత్తం పాఠం ఈ ఒక్క మాటలో ఉంది. ఇది అర్థం కాకపోతే పెద్దబాతును తెచ్చుకుని, "ఇక మాకు దిగుల్లేదు" అనుకుని, గూడు తలుపు వేయడం మానేస్తాం. అప్పుడు కోళ్ళతో పాటు పెద్దబాతు కూడా పోతుంది.

3. రోము నగరం కథ

పెద్దబాతుల కాపలా గురించి చాలా పాత కథ రోము నగరానిది. క్రీస్తుపూర్వం 390 ప్రాంతంలో గాల్ జాతివాళ్ళు రోము మీద దాడి చేశారు. నగరం వాళ్ళ చేతికి చిక్కింది. మిగిలిన రోమన్లు కాపిటోలిన్ అనే కొండ మీద తలదాచుకున్నారు. ఒక రాత్రి గాల్ సైనికులు చప్పుడు చేయకుండా కొండ ఎక్కారు. కాపలావాళ్ళు గమనించలేదు, కుక్కలు కూడా మొరగలేదు. కానీ అక్కడ జూనో దేవత గుడికి చెందిన పెద్దబాతులు ఉన్నాయి. తినడానికి తిండి లేకపోయినా, దేవత పక్షులని రోమన్లు వాటి జోలికి పోలేదు. అవి ఒక్కసారిగా అరిచి, రెక్కలు టపటప కొట్టాయి. ఆ గోలకు మార్కస్ మాన్లియస్ అనే వీరుడు నిద్ర లేచి, పరుగెత్తి, పైకి వచ్చిన మొదటి సైనికుణ్ణి డాలుతో కిందికి తోసేశాడు. ఈ కథను లివీ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు.

ఇందులో ఒక విషయం గమనించండి. పెద్దబాతులు గాల్ సైనికులతో యుద్ధం చేయలేదు. అవి నిద్ర లేపాయి, అంతే! యుద్ధం చేసింది మాన్లియస్. ఆ రాత్రి ఆయన దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటే, పెద్దబాతులు ఎంత అరిచినా లాభం ఉండేది కాదు.

ఈ పద్ధతి ఈ కాలంలోనూ ఉంది. స్కాట్లండులోని డంబార్టన్‌లో ఒక పెద్ద కంపెనీ తన గోదాముల చుట్టూ 1959 నుంచి 2012 దాకా పెద్దబాతులను కాపలాగా పెంచింది. 2023లో బ్రెజిల్‌లోని శాంటా కటరీనా రాష్ట్రంలో ఒక జైలువాళ్ళు కుక్కలకు బదులు పెద్దబాతులను పెట్టుకున్నారు. అక్కడ కూడా అవి అరుస్తాయి, మనుషులు వచ్చి చూస్తారు.

4. దానికి ఈ గుణం ఎలా వచ్చింది?

పెద్దబాతు కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకే తల తిప్పకుండానే చాలా మేర చూడగలదు. మెడ పొడుగు కాబట్టి గడ్డి మేస్తూనే మధ్యమధ్య తల పైకెత్తి చుట్టూ చూస్తుంది. గుంపులో ఎప్పుడూ ఏదో ఒకటి తల ఎత్తి ఉంటుంది.

బాతుల జాతికి ఇంకో విద్య ఉంది. వరుసగా పడుకున్న బాతుల్లో చివరన ఉన్నవి ఒక కన్ను తెరిచి నిద్రపోతాయని, ఆ కన్ను ఎక్కువగా బయటి వైపే ఉంటుందని 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది. అంటే మెదడులో సగం నిద్రపోతుంటే సగం కాపలా కాస్తుందన్నమాట!

కొత్తది ఏది కనిపించినా పెద్దబాతుకు అనుమానమే. మెడ చాచి, తల కిందికి వంచి, పాములాగా బుస కొడుతుంది. అయినా వినకపోతే రెక్కలు విప్పి మీదికి వస్తుంది. ముక్కుతో పట్టి లాగుతుంది, రెక్కతో గట్టిగా కొడుతుంది. చిన్న జంతువులు దీనికే జడిసి పారిపోతాయి.

5. ఏ శత్రువు ముందు ఎంత?

అమెరికాలో పెరటి కోళ్ళకు ఎందరో శత్రువులు. ఒక్కొక్కటీ చూద్దాం.

డేగ: పగటిపూట వస్తుంది. పెద్దబాతు బరువైన పక్షి. చైనీస్ జాతిలో మగది 12 పౌండ్లు, ఆఫ్రికన్ జాతిలో మగది 22 పౌండ్ల దాకా ఉంటుంది. ఇక్కడ పెరళ్ళలోకి వచ్చే డేగలు మూడు పౌండ్లకు అటూ ఇటూ ఉంటాయి. పెద్దబాతును ఎత్తుకుపోవడం వాటి వల్ల కాదు. పైగా ఇది అరవగానే కోళ్ళు పొదల కిందికి దూరతాయి. పెద్దబాతు బాగా ఉపయోగపడేది ఇక్కడే.

ఎలుకలు, పాములు, అపోసమ్‌ల వంటివి: పగలు కనిపిస్తే గోల చేసి తరిమే అవకాశం ఉంది. రాత్రి దొంగచాటుగా గూటిలోకి దూరితే నమ్మకం లేదు.

రకూన్: ఇది రాత్రి దొంగ. ముందు కాళ్ళను చేతుల్లా వాడి మామూలు గడియలు తీసేయగలదు. పెద్దబాతు అరుస్తుంది గానీ ఆపగలదని చెప్పలేం.

నక్క, కయోటీ, ఊరకుక్క: వీటి ముందు పెద్దబాతు నిలవలేదు. వాటికి అదే మంచి భోజనం!

చూశారా? పగలు ఆకాశం నుంచి వచ్చే ప్రమాదానికి పెద్దబాతు మంచి మందు. రాత్రి నేల మీద వచ్చే ప్రమాదానికి గట్టి గూడే మందు. ఆ గూడు ఎలా ఉండాలి? చికెన్ వైర్ అనే పలుచని వల కోళ్ళు బయటికి పోకుండా ఆపుతుంది గానీ, రకూన్ లోపలికి రాకుండా ఆపలేదు. అర అంగుళం గళ్ళున్న ఇనుప జాలీ వాడాలి. ఇక్కడి షాపుల్లో దాన్ని హార్డ్‌వేర్ క్లాత్ అంటారు. కింద నుంచి తవ్వుకుని రాకుండా ఆ జాలీని గూడు చుట్టూ ఒక అడుగు మేర నేలలో పాతాలి. గడియ రెండు కదలికలతో తెరుచుకునేది అయి ఉండాలి. చీకటి పడేసరికి కోళ్ళతో పాటు పెద్దబాతు కూడా లోపలికి పోవాలి. కాపలాదారుకూ కాపలా కావాలి మరి!

6. పెంచాలంటే ఏం తెలియాలి?

పిల్ల దశలోనే తేవాలి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన మొదటి రోజుల్లో ఎదురుగా కదిలేది ఏది కనిపిస్తే దాన్నే పెద్దబాతు పిల్ల తన తల్లి అనుకుంటుంది. దీన్ని లోతుగా పరిశీలించిన ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ వెంట పెద్దబాతు పిల్లలు వరుసగా నడిచేవి! పక్షులు, జంతువుల ప్రవర్తన మీద చేసిన కృషికి 1973లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. చిన్నప్పటి నుంచి కోళ్ళ మధ్య పెరిగిన పెద్దబాతుకు అవి తన గుంపే అనిపిస్తాయి. పెద్దయ్యాక తెచ్చి వదిలితే అంత మమకారం ఉండకపోవచ్చు.

ఇక్కడ పిల్లలను పోస్టులో కూడా తెప్పించుకోవచ్చు. అమెరికా తపాలా శాఖ 1918 నుంచి ఒక్కరోజు కోడిపిల్లలను పార్సిల్‌గా చేరవేస్తోంది. పుట్టే ముందు పిల్ల గుడ్డులోని పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది. దాని బలంతో రెండు మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకపోయినా బతుకుతుంది.

ఒకటా, రెండా? ఒక్కటే ఉంటే కోళ్ళకు అతుక్కుపోతుంది గానీ, పెద్దబాతు గుంపులో బతికే పక్షి, తన జాతి తోడు కోరుకుంటుంది. రెండు ఉంటే తోడు దొరుకుతుంది గానీ వాటి ధ్యాస కొంత వాటి మీదే ఉంటుంది. రెండూ ఆడవైతే గొడవ తక్కువ. రెండు మగవి ఉంటే వసంతంలో పోట్లాటలే.

వెచ్చదనం: మొదటి వారం దీపం కింద దాదాపు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఇవి నీళ్ళతో ఆడి చోటంతా తడిపేస్తాయి. పక్కన ఉన్న కోడిపిల్లలు తడిసి చలికి చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఒకదానికొకటి కనబడేలా, మధ్యలో జాలీ పెట్టి పెంచడం మంచిది.

మేత: పెద్దబాతు పిల్లలకు నయాసిన్ అనే విటమిన్ కోడిపిల్లల కంటే ఎక్కువ కావాలి. తక్కువైతే కాళ్ళు వంకరపోతాయి. మేతలో బ్రూయర్స్ ఈస్ట్ పొడి కలిపితే ఆ లోటు తీరుతుంది. కోడిపిల్లల కోసం మందు కలిపి అమ్మే మేత కాకుండా, మందు కలపని మేత కొనాలి. మాంసకృత్తులు మరీ ఎక్కువైన మేత పెడితే రెక్క చివర బయటికి తిరిగిపోతుంది. రొట్టె ముక్కలు వేయకండి. పెద్దయ్యాక దాని ముఖ్యమైన ఆహారం పచ్చగడ్డి.

ఇక్కడే ఒక చిక్కు! గడ్డికీ మీ అమ్మ పెంచే తోటకూరకూ తేడా దానికి తెలియదు. కూరగాయల మడికి కంచె వేయకపోతే, "కంచే చేను మేసినట్టు" అన్న సామెత మన పెరట్లోనే చూడవచ్చు.

నీళ్ళు: చెరువు అక్కర్లేదు. తల మొత్తం మునిగేంత లోతున్న తొట్టి కావాలి. ముక్కు రంధ్రాలూ కళ్ళూ కడుక్కోవడానికి అది తప్పనిసరి.

గూడు: కోళ్ళు కర్ర ఎక్కి పడుకుంటాయి, పెద్దబాతు నేల మీదే పడుకుంటుంది. కోళ్ళ రెట్ట మీద పడకుండా దానికి పక్కగా ఎండుగడ్డి పరిచిన చోటు ఉండాలి. తలుపు కూడా కోళ్ళ తలుపు కంటే పెద్దది కావాలి.

ఓపిక: వసంతంలో తెచ్చిన పిల్ల ఆ ఎండాకాలం కాపలా కాయలేదు. దానికే మనం కాపలా కాయాలి. బాగా ఎదిగి, ధైర్యం వచ్చేసరికి ఆకురాలే కాలం వస్తుంది.

7. తప్పనిసరి జాగ్రత్తలు

వసంతంలో గుడ్లు పెట్టే రోజుల్లో పెద్దబాతులకు కోపం ఎక్కువ. మగది కోళ్ళను కూడా తరమవచ్చు. మీ మీదికి వస్తే పరుగెత్తకండి. నిటారుగా నిలబడి, చేతులు చాచి, దాని వైపు చూస్తూనే నెమ్మదిగా వెనక్కి నడవండి. చిన్న తమ్ముణ్ణీ చెల్లినీ ఒంటరిగా దాని దగ్గరికి పంపకండి. దాని ముక్కు సరిగ్గా వాళ్ళ ముఖం ఎత్తున ఉంటుంది.

కోళ్ళను, బాతులను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముద్దు పెట్టుకోకూడదు. సాల్మొనెల్లా అనే క్రిమి ఆరోగ్యంగా కనిపించే పక్షి ఒంటి మీద కూడా ఉండవచ్చు. ఐదేళ్ళ లోపు పిల్లలు వాటిని పట్టుకోకపోవడం మంచిది.

పక్షి జ్వరం సంగతి మరచిపోకూడదు. 2022 మొదట్లో అమెరికా కోళ్ళ ఫారాల్లోకి వచ్చిన ఈ వ్యాధి వల్ల ఆ తరువాతి సంవత్సరాల్లో 10 కోట్లకు పైగా పెంపుడు పక్షులను పోగొట్టుకున్నారు. అడవి బాతులు, పెద్దబాతులు దీన్ని మోసుకు వస్తాయి. కాబట్టి మన పక్షుల మేతా నీళ్ళూ అడవి పక్షులకు అందకూడదు. చెరువు గట్టున తిరిగిన బూట్లతో గూటిలోకి వెళ్ళకూడదు.

ఇంకో మాట. నాన్న ఆఫీసు చెరువు దగ్గర తిరిగే కెనడా గూస్‌లు ఎవరి పెంపుడు పక్షులూ కావు. 1918లో వలస పక్షుల రక్షణకు చేసిన చట్టం వాటిని కాపాడుతుంది. వాటి గుడ్లు గానీ పిల్లలు గానీ ఇంటికి తేవడం నేరం.

8. అమ్మానాన్నలకు నాలుగు మాటలు

పిల్లలు అడిగారని వెంటనే ఆర్డర్ చేయకండి. ముందు మీ సిటీ నిబంధనలూ హెచ్.ఓ.ఏ. కాగితాలూ చదవండి. కోడిపెట్టలను అనుమతించి పెద్దబాతులను వద్దనే ఊళ్ళు ఉన్నాయి. పెద్దబాతు పక్కింటివాళ్ళ నిద్ర కూడా చెడగొడుతుంది. ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్ళకు ఇది నప్పుతుంది. పావు ఎకరం ఇంటికి గట్టి గూడూ పైన వలా చాలు.

పెద్దబాతు పదిహేను ఇరవై ఏళ్ళు బతుకుతుంది. ఇప్పుడు మూడో తరగతిలో ఉన్న మీ అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక కూడా దానికి గడ్డీ నీళ్ళూ చూడవలసింది మీరే. వేసవిలో ఐదు వారాలు ఇండియా వెళితే ఎవరు చూస్తారో ముందే అనుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. పగలు మనం ఆఫీసుల్లో, పిల్లలు స్కూల్లో ఉంటారు. అప్పుడు పెద్దబాతు అరిస్తే వినేదెవరు? ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఉంటే సరే. లేకపోతే మనం లేని వేళల్లో కోళ్ళను పైన వల ఉన్న ఆవరణలోనే ఉంచాలి. మనం ఇంట్లో ఉన్నప్పుడు పెద్దబాతుతో పాటు బయటికి వదలాలి. హెచ్చరించేవాళ్ళు ఎంత మంచివాళ్ళయినా, లేచి వెళ్ళేవాళ్ళు ఒకరు ఉండాలి. సాయంత్రం తలుపు వేసే పని పిల్లలకు అప్పగించండి. కానీ వేశారో లేదో మీరు ఒకసారి చూసి రండి.

కొత్త మాటలు

కాపలా: ఏ ఆపదా రాకుండా కనిపెట్టుకుని ఉండడం
బుస: పాము, పెద్దబాతు కోపంతో చేసే చప్పుడు
గడియ: తలుపు బిగించే సాధనం (గడియారంలో గడియ వేరు!)
పొదగడం: గుడ్ల మీద కూర్చుని వెచ్చగా ఉంచి పిల్లలను చేయడం
పచ్చసొన: గుడ్డులోని పసుపుపచ్చని భాగం
మడి: కూరగాయలో వరో పెంచడానికి చదును చేసిన చిన్న చోటు
మమకారం: "నాది" అన్న ప్రేమ
గుంటనక్క: ఇంగ్లీషులో ఫాక్స్. మన ఊళ్ళలో మామూలుగా నక్క అనేది జాకాల్‌ని.

ఆలోచించి చెప్పండి

1. కాపలాలోని మూడు పనులు ఏవి? రోము కథలో ఏ పని ఎవరు చేశారు?
2. డేగను బెదిరించగల పెద్దబాతు కయోటీని ఎందుకు ఆపలేదు?
3. "కంచే చేను మేసినట్టు" అన్న సామెతను ఇంకెక్కడ వాడవచ్చు? ఒక వాక్యం రాయండి.
4. లెక్క: పెద్దబాతు గుడ్డు పొదగడానికి 30 రోజులు, కోడిగుడ్డుకు 21 రోజులు అనుకుందాం. పెద్దబాతు గుడ్లను ఏప్రిల్ 1న పొదగేశాం. రెండు రకాల పిల్లలూ ఒకే రోజు బయటికి రావాలంటే కోడిగుడ్లను ఏ తేదీన పెట్టాలి? (జవాబు: ఏప్రిల్ 10. రెండూ మే 1న వస్తాయి.)

ఇంటిపని

ఈ వారం ఇండియాకు ఫోన్ చేసినప్పుడు తాతయ్యనో నానమ్మనో ఈ మూడు ప్రశ్నలు అడగండి: మీ చిన్నప్పుడు రాత్రిళ్ళు కోళ్ళను ఎక్కడ ఉంచేవారు? గంప కింద ఎలా కమ్మేవారు? గద్ద వచ్చినప్పుడు తల్లికోడి ఏం చేసేది? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే ఐదు వాక్యాలు రాసుకు రండి. అర్థం కాని మాట ఉంటే దాని కింద గీత గీయండి. ఆ మాటలన్నీ బోర్డు మీద రాసి, వచ్చే శనివారం మొదటి అరగంట వాటితోనే మొదలుపెడదాం.